వేడి వేరు, కంటిని చెడగొట్టే కిరణాలు వేరు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఎండాకాలం కంటి జాగ్రత్తల గురించి వేసిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. ‘ఎండ వేడికి కళ్లలో శుక్లాలు వస్తాయి’ అన్న వాక్యం మాత్రం మింగుడుపడలేదు. రిటైరయ్యేదాకా కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే పని చేసినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గాజు కరిగించే కొలిమి ముందు ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకి ఆ వేడి కిరణాలవల్ల శుక్లం రావడం నిజమే, కానీ అది వేరే సంగతి. ఎండలో తిరిగేవాళ్ల విషయంలో ముఖ్యంగా అనుమానించాల్సింది అతినీలలోహిత కిరణాల్ని, అంటే యూవీని. ఇది కంటికి కనపడదు, ఒంటికి వెచ్చగా తగలదు. చలిగాలి వీచే కొండ మీద, పల్చటి మబ్బు పట్టిన రోజున కూడా బాగానే ఉంటుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే పది శాతం పైనే పెరుగుతుంది. కొత్త మంచు అయితే దాని మీద పడిన యూవీలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. చెమట పట్టలేదు కదా అని కళ్లద్దాలు తీసేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

కంటి లోపలి లెన్స్ ఈ కిరణాల్లో చాలా భాగాన్ని తను పీల్చుకుని వెనకున్న రెటీనాని, అంటే బొమ్మ పడే పొరని కాపాడుతుంది. లెన్స్ నడిమధ్యలో ఉండే ప్రోటీన్లు మనం పుట్టకముందు తయారైనవి. ఒకసారి పాడైతే వాటి స్థానంలో కొత్తవి రావు. అందుకే ఒక వేసవి లెక్క కాదు, జీవితకాలపు మొత్తం లెక్క. అమెరికాలోని చెసపీక్ అఖాతంలో చేపలు, పీతలు పట్టే 838 మంది మీద చేసిన పరిశోధన 1988లో వచ్చింది. యూవీలో ఒక రకమైన యూవీ-బి మోతాదు రెట్టింపైతే కార్టికల్ శుక్లం ముప్పు 60 శాతం పెరిగిందని అందులో తేలింది. లెన్స్ అంచుల నుంచి చువ్వల్లా లోపలికి పాకే రకం అది. లెన్స్ నడుమ పసుపుపచ్చగా ముదిరే న్యూక్లియర్ రకంతో మాత్రం ఆ సంబంధం కనపడలేదు. కాబట్టి ప్రతి శుక్లాన్నీ ఎండ ఖాతాలో వేయకూడదు. వయసుంది, షుగరుంది, పొగతాగడం ఉంది, డాక్టరు చూడకుండా ఏళ్లకేళ్లు వాడే స్టెరాయిడ్లున్నాయి.

ఇక నల్ల కళ్లద్దాలు. ‘ఇంకాస్త డార్క్‌గా ఇవ్వండి సార్’ అని అడగని మనిషి అరుదు. ఒకాయనైతే, అవతలివాళ్లకి తన కళ్లు కనపడకూడదన్నాడు! యూవీ మీటరు కింద రెండు జతలు పెట్టి చూపించేవాణ్ణి. ఏ రంగూ లేని పాలీకార్బొనేట్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) అద్దం యూవీని దాదాపు పూర్తిగా ఆపేది. బొగ్గులా ఉన్న చవక అద్దంలోంచి కొన్నిసార్లు దర్జాగా దూసుకొచ్చేది. నలుపు వెలుతురుని తగ్గిస్తుంది, దాంతో కంటిపాప పెద్దదవుతుంది. యూవీని ఆపే గుణం అద్దంలో లేకపోతే తెరిచిన తలుపులోంచి అది నేరుగా లోపలికి పోతుంది. పోలరైజ్డ్ అని రాసి ఉన్నా సరిపోదు, అది మెరుపుని తగ్గించేందుకు. చూడాల్సింది ‘యూవీ 400’ అన్న మాట, అంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా యూవీని ఆపుతుందని.

ఫ్రేము సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. చెవి వైపు సందులోంచి వాలుగా వచ్చే వెలుగుని కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర) వంచి, ముక్కు వైపు అంచు మీద గుమిగూడేలా చేస్తుంది. కంట్లో మాంసం పెరిగిందని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది ముక్కు వైపే ఎందుకుంటుందో చెప్పే వివరణల్లో ఇదొకటి. అందుకే చిన్న గుండ్రటి ఫ్యాషన్ అద్దాల కంటే కణతల దాకా చుట్టుకుపోయే ఫ్రేము, దానికి తోడు వెడల్పు అంచున్న టోపీ మేలు.

వేళ గురించి కూడా ఒక మాట. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల ఎముక కొంత అడ్డుపడుతుంది. జపాన్‌లో బొమ్మ తలకి సెన్సర్లు బిగించి కొలిస్తే, సూర్యుడికి ఎదురుగా ఉన్న కంటికి ఉదయం ఎనిమిది నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే యూవీ ఎక్కువగా తగిలిన రోజులున్నాయి. ‘పన్నెండింటికి బయటికెళ్లకండి’ అన్న సలహా చర్మానికి సరిపోతుందేమో గానీ కంటికి చాలదు. అలాగని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టమని కాదు. ఆరుబయట ఆడుకునే పిల్లలకి దూరపుచూపు మందగించే ముప్పు తక్కువ. టోపీ పెట్టి పంపండి, చాలు.

మీకు ఒక విన్నపం. వాతావరణం పెట్టెలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల పక్కన యూవీ ఇండెక్స్ (యూవీ ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె) కూడా రోజూ వేయండి, మబ్బు రోజుల్లో సైతం. మూడు, ఆపైన ఉంటే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అంకె చర్మం కమిలిపోవడాన్ని బట్టి కట్టింది కాబట్టి, కళ్లకి పొద్దున, సాయంత్రం కూడా జాగ్రత్త కావాలని కింద చిన్న అక్షరాల్లో ఒక లైను వేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆప్టోమెట్రిస్ట్