విభజనలు సరే, పర్యవేక్షణ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని విడదీశాక, మరుసటి ఏడాది పంపిణీని కూడా వేరుచేయడంతో మన తిరుపతి కేంద్రంగా దక్షిణ ప్రాంత డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, ఏర్పడింది. 2019లో దాని నుంచే విజయవాడ కేంద్రంగా మరొక సంస్థను విడదీశారు. పేరుపలకలు మారినంతగా పర్యవేక్షణ మారలేదు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ కంపెనీల వార్షిక నివేదికను ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ వ్యాఖ్యలతో సహా చట్టసభ ముందుంచాలి. ఆ పుటలను తిరగేసే సభ్యులెందరో గాని, అంచనాకు మించిన ఖర్చు మాత్రం ట్రూఅప్ చార్జీ పేరిట చిత్తూరులో టీకొట్టు బిల్లుదాకా దిగుతోంది. ప్రభుత్వరంగ సంస్థలపై చట్టసభ కమిటీ తిరుపతిలోనే కూర్చుని డిస్కం లెక్కలను బహిరంగంగా ప్రశ్నించాలని, ఆ నివేదికలను తెలుగులోనూ వెలువరించాలని కోరుతున్నాను.

– ఒక విద్యుత్ వినియోగదారు, తిరుపతి