పరీక్ష మళ్లీ మళ్లీ, పాఠం మాత్రం ఒక్కసారే: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం మద్దిలపాలెంలో పదకొండేళ్లుగా ఇంజనీరింగ్ లెక్కలకు ట్యూషన్ చెబుతున్నాను. సాయంత్రం ఏడు దాటాక వచ్చే బ్యాచ్‌లో అందరూ కాలేజీ విడిచినవాళ్లే. నాలుగేళ్ల చదువు ఆరేళ్లయినా, ఏడేళ్లయినా పూర్తికానివాళ్లు. పెళ్లికి వెళ్లినా, పండక్కి ఊరెళ్లినా "ఇంకా అవలేదా?" అని అడుగుతారని ఇళ్లకు వెళ్లడం మానేసినవాళ్లూ ఉన్నారు. వీళ్లు బద్ధకస్తులన్న మాట నేను ఒప్పుకోలేను.

పోయిన ఏడాది వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పాడేరు వైపు పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. బీటెక్ మొదటి సెమిస్టర్‌లో ఎం-1, అంటే మొదటి లెక్కల పేపరు, తప్పాడు. రెండో సెమిస్టర్‌లో ఎం-2 మొదలైంది, ఎం-1 గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. సప్లిమెంటరీ రాసిన ప్రతిసారీ దాని చుట్టూ కొత్త సెమిస్టర్ పరీక్షలు ఉండేవి. నాలుగేళ్లు గడిచేసరికి 160 క్రెడిట్లలో (పేపర్లు పాసైతే కలిసే పాయింట్లు) 157 చేతికొచ్చాయి. ఆ మూడు లేక పట్టా లేదు, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగమూ నిలవలేదు. ఇప్పుడు పరవాడలో మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి వెళుతున్నాడు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా పరీక్ష హాలుకు వెళ్లిన రోజున 70కి 23 వచ్చాయి. 35 శాతం నిబంధన ప్రకారం 25 కావాలి, రెండు మార్కులు తక్కువ.

ఆ అబ్బాయికి పాఠం చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది, తడబాటు డిఫరెన్షియల్ ఈక్వేషన్ల దగ్గర కాదు. ఇంటర్‌లో సమాకలనం (ఇంటిగ్రేషన్) సూత్రాలు బట్టీ పట్టాడు, ఎందుకు చేస్తున్నామో తెలియదు. ఆరు వారాలు వెనక్కి వెళ్లి చెబితే దారిన పడ్డాడు. ఆ ఆరు వారాలు మొదటి ఏడాదిలోనే కాలేజీ ఇచ్చి ఉంటే? మన దగ్గర తప్పినవాడికి పరీక్ష ఎన్నిసార్లయినా పెడతారు, పాఠం మాత్రం ఒక్కసారే చెబుతారు. డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లదీ ఇదే అవస్థ.

హాజరు మరో చిక్కు. 75 శాతం కావాలి, అనారోగ్యం కారణంగా 65 వరకు మన్నిస్తారు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో తల్లికి రెండు నెలలు తోడున్న గాజువాక అమ్మాయికి 62 వచ్చింది. 65కు చేరలేదు, పైగా జబ్బు తనది కాదు కాబట్టి మన్నింపు లేదు. ఆ సెమిస్టర్ మళ్లీ వచ్చేవరకు ఏడాది ఇంట్లో కూర్చుంది. ఈలోగా ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

ఫలితాల జాప్యం మరీ బాధాకరం. రీవాల్యుయేషన్ (జవాబు పత్రం మళ్లీ దిద్దించడం) ఫలితం వచ్చేలోపే తర్వాతి సప్లిమెంటరీకి ఫీజు గడువు దాటిపోతుంది. అందుకని పిల్లలు రెంటికీ కడతారు. మీకు చిన్న మొత్తంగా కనిపించవచ్చు, కాంట్రాక్టు కూలీకి అది రెండు మూడు రోజుల జీతం.

గడువులు లేవని కాదు. ఇంజనీరింగ్‌కు ఎనిమిదేళ్లు ఇస్తున్నారు. సాధారణ డిగ్రీలకు అసలు కాలం మీద మరో రెండేళ్లు ఇవ్వవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2015లోనే చెప్పింది. నెమ్మదిగా చదవదలచినవారు రెండు సెమిస్టర్ల వరకు ఎక్కువ తీసుకోవచ్చని యూజీసీ 2025 నిబంధనల్లోనూ ఉంది. కానీ ఆ అదనపు కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే పేద పిల్లలు ఆ దారిని ఎంచుకోగలరా? ఆ హామీని మీరు ఉత్తర్వు రూపంలో ఇవ్వాలి.

దానికన్నా ముందు ఒక పని చేయండి. చివరి ఏడాది దాటి ఒకటి రెండు పేపర్లే మిగిలినవారికి విడిగా, ఆదివారాల్లో, ఫలితాలు వచ్చిన నెలలోపు పరీక్ష పెట్టించండి. దానికి ముందు ఆరు వారాలు సాయంత్రం తరగతులు నడపండి. తరగతి గదులు ఆ వేళ ఖాళీగానే ఉంటాయి. బోధించడానికి నాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. పిలిస్తే జీతం అడగకుండా మొదటి బ్యాచ్‌కు నేను వస్తాను.

భవదీయుడు,
ఒక లెక్కల మాస్టారు,
మద్దిలపాలెం, విశాఖపట్నం