సర్వర్ రికార్డులు 8 రోజులకే చెరిపేస్తే ఎలా?

అయ్యా,

ప్రభుత్వ పోర్టల్‌లో సీటు ఫీజు గడువు చివరి రోజున సర్వర్ మొరాయిస్తే, మర్నాడు ‘సాంకేతిక లోపం’ అని ప్రకటన వస్తుంది. అసలు కారణం ఎవరూ చెప్పరు. డేటాబేస్‌ల పనిలో ఉన్నవాడిగా అంటున్నాను, కారణం దొరుకుతుంది. ఒరాకిల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పనితీరు లెక్కలు గంటకోసారి నమోదవుతాయి. ఏ సెషన్ (ఒక యూజర్ కనెక్షన్) ఏ లాక్ (డేటాకు పడే తాళం) కోసం ఆగిందో 10 సెకన్లకో నమూనా చొప్పున డిస్కుకెక్కుతుంది. కానీ సెట్టింగ్ మార్చకపోతే ఇదంతా 8 రోజులకే చెరిగిపోతుంది. ఫిర్యాదు మా దాకా వచ్చేసరికి రెండు వారాలు దాటిపోతుంది! ఇక ఊహాగానాలే. పాపం, సీటు పోగొట్టుకున్న పిల్లలకు ఏం జవాబు చెప్పాలి?

ప్రభుత్వ పోర్టళ్లలో రికార్డులు ఉంచే ఈ గడువును కనీసం 90 రోజులకు పెంచాలి. కాస్త డిస్కు జాగా చాలు. రద్దీ బాగా తట్టుకున్న ఒక రోజు రికార్డును కూడా పోల్చి చూసుకోవడానికి బేస్‌లైన్‌గా విడిగా దాచాలి.

– ఒక డేటాబేస్ అడ్మిన్, విజయవాడ