మచ్చు వేరు, లింకు దస్తావేజులు వేరు

అనంతపురం
ఆదివారం రాత్రి

పాపకు, నాయన ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు "విత్తనాల కంపెనీకీ, రీసెర్చ్ ప్రాజెక్టుకూ ఉద్యోగానికి ఒకే బయోడేటా కాగితం పంపాను నాయనా, ఎక్కడినుంచీ పిలుపు రాలేదు" అన్నప్పుడు నాకు మాట పెగల్లేదు. ఆ కాగితం టైపు చేసింది నేనే కదమ్మా. షాపు మూసే ముందు ఆ ఫైలు మళ్లీ తెరిచి చూశాను. ఆరు పేజీలు. పైన నీ ఫొటో, చుట్టూ బార్డరు, నా పేరు, మీ అమ్మ పేరు, మతం, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న ముక్క, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని సంతకానికి ఒక గీత. టవర్ క్లాక్ దగ్గర ఇరవై ఏళ్లుగా అందరికీ ఇట్లాంటి బయోడేటాలే కొట్టిచ్చాను. ఆ అలవాటుతోనే నీదీ కొట్టేశాను. నీ చదువు ఏమిటో, అవతల చదివేది ఎవరో ఆలోచించలేదు. ఈ తప్పు నాది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా షాపుకొచ్చే పిల్లలు ఒకరు సీవీ అంటారు, ఒకరు రెజ్యూమే అంటారు, ఇంకొకరు బయోడేటా అంటారు. అందరికీ కావలసింది ఒకటే అనుకునేవాణ్ని. మన దేశంలో ప్రకటన వేసేవాళ్లు కూడా ఆ మాటలు కలగలిపే వాడతారు. అసలు సీవీ అంటే కరికులం వీటే, లాటిన్ మాట, జీవితం నడిచిన దారి అని అర్థం. రెజ్యూమే ఫ్రెంచి మాట, క్లుప్తంగా చెప్పింది అని. ఆ రెండు అర్థాలూ గుర్తు పెట్టుకుంటే సగం తికమక పోతుంది.

చిన్నప్పుడు తాతతో చెనక్కాయల బండి మీద యార్డుకు పోయేదానివి, గుర్తుందా? బేరగాడు వచ్చి మూటలోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసేవాడు. అరచేతిలోనే ఒలిచి, పొట్టు ఉఫ్‌మని ఊది, గింజ నిండుగా ఉందా ముడుచుకుపోయిందా అని వేలితో అటూ ఇటూ దొర్లించి చూసేవాడు. ఆ మచ్చు నచ్చితేనే మిగతా మూటలు విప్పమనేవాడు. రెజ్యూమే ఆ మచ్చు తల్లీ. ఒక పేజీ, అనుభవం బాగా ఉన్నవాళ్లకైతే రెండు. కంపెనీలో కూర్చున్న మనిషి ముందు అట్లాంటివి వందల్లో ఉంటాయి. పెద్ద కంపెనీల్లోనైతే ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. నేను ముచ్చటపడి పెట్టిన బార్డర్లు, డబ్బాలు, టేబుళ్లు దానికి అడ్డమే.

సీవీ అట్లా కాదు. ఈ ఇంటికి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు లింకు దస్తావేజులన్నీ అడిగారు. స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ ఏడు, ఏ నంబరు. మధ్యలో ఒక్క కాగితం దొరక్క మూడు వారాలు తిరిగాను. సీవీ చదివేవాళ్లు కూడా అంతే, ఒక్కో మెట్టూ చూస్తారు. నీ ఎం.ఎస్సీ పరిశోధన పేరు, గైడ్ పేరు, అచ్చయిన పేపర్లు, సదస్సుల్లో నీ పరిశోధన వివరిస్తూ పెట్టిన పోస్టర్లు, ఫెలోషిప్పులు, ట్రైనింగులు, నీ గురించి చెప్పగల ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు (వాళ్లను అడిగాకే రాయాలి). కొత్తవి పైన, పాతవి కింద. పేజీలు పెరిగినా ఫరవాలేదు. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చడానికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టికే ఉంది. అందులో ఒక్కో పేపరుకు 2 మార్కులు, గరిష్ఠంగా 10. పొట్టిగా ఉండాలని ఒక పేపరు వదిలేశావంటే రెండు మార్కులు వదిలేసినట్టే. ఇంకా అచ్చు కానిదాన్ని మాత్రం అచ్చయినట్టు రాయొద్దు, పరిశీలనలో ఉందనే రాయి.

బయటి దేశాలకు పంపేటప్పుడు ఇంకో చిక్కుంది. అమెరికాలో కంపెనీలకు రెజ్యూమే, యూనివర్సిటీలకు సీవీ అని విడిగా చూస్తారు. ఫొటో, వయసు, పెళ్లి సంగతి కంపెనీలవాళ్లు కోరరు, పెట్టకపోవడమే మంచిది. ఇంగ్లండులో మాత్రం మామూలు ఉద్యోగానికి అడిగే రెండు పేజీల కాగితాన్నే సీవీ అంటారు. అక్కడి కంపెనీ సీవీ అడిగిందని ఎనిమిది పేజీలు పంపకు. పైన రాసిన పేరు కంటే ఎవరు అడుగుతున్నారో చూడు.

ఇప్పుడు విత్తనాల కంపెనీ సంగతి. నీ ఆరు పేజీల్లో "ఎం.ఎస్సీ ప్రాజెక్టు పూర్తిచేశాను" అని ఒక్క లైనుంది, అదీ నాలుగో పేజీలో. రెండు ఖరీఫ్‌లు ఎండలో నిలబడి 48 రకాల వేరుశనగ వేసి, బెట్టకు ఏది తట్టుకుంటుందో కొలిచిన పిల్లవి నువ్వు. వాన ముఖం చాటేస్తే రాత్రి ఫోన్ చేసి ఏడ్చావు కూడా. ఆ పనంతా ఒక్క లైనులో కప్పబడిపోయింది. దాన్ని మొదటి పేజీ పైభాగానికి తీసుకురా. ఎన్ని రకాలు, ఎన్ని సీజన్లు, ఏం కొలిచావు, లెక్కలు ఏ సాఫ్ట్‌వేర్లో కట్టావు, అంతా అంకెలతో రాయి. పదో తరగతి మార్కులు, స్కూల్లో వ్యాసరచన బహుమతి తీసెయ్. నా పేరు కూడా తీసెయ్ అమ్మా, నేనేమీ అనుకోను.

రీసెర్చ్ ప్రాజెక్టుకు మాత్రం ఏదీ తీయొద్దు. ముందు అన్నీ ఉన్న ఒక పెద్ద సీవీ ఫైలు తయారు చేసి పెట్టుకో. ఏ పోస్టరు పెట్టినా, ఏ ట్రైనింగుకు పోయినా ఆ రాత్రే తేదీ, ఊరు అందులో ఎక్కించు. కంపెనీ అడిగినప్పుడల్లా దాంట్లోంచి వాళ్లకు కావలసింది తీసి రెజ్యూమే చేసుకో. ఫైలుకు నీ పేరే పెట్టు, "ఫైనల్ న్యూ 2" అని పంపకు. షాపులో రోజూ అట్లాంటివి చూస్తుంటాను, ఏది ఎవరిదో నాకే తెలియదు.

ఈసారి టైపు నువ్వే చెయ్యి. చేశాక ఒకసారి నాకు పంపు, అక్షర దోషాలు చూస్తాను, అది నాకు బాగా వచ్చు.

రేపు పొద్దున బస్సులో సంచి పంపిస్తున్నాను. మీ అమ్మ చెనక్కాయల పొడి పెట్టింది. డబ్బా కింద ప్లాస్టిక్ కవరు చూడు. అందులో కదిరి వేరుశనగ పరిశోధనా కేంద్రంలో నువ్వు చేసిన పది రోజుల ట్రైనింగు సర్టిఫికెట్ ఉంది. బీరువాలో దొరికింది. నీ ఆరు పేజీల్లో ఎక్కడా అది లేదు. తేదీ దాని మీదే ఉంది, చూసి రాసుకో.

మీ నాయన