ముఖ్యమంత్రి గారూ, వానాకాలానికి ముందే ఒక రిహార్సల్ చేయించండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. మా బాబాయ్ నేవీలో కమాండర్‌గా రిటైరయ్యారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. సర్వీసులో ఎక్కువ కాలం విశాఖలో, సైన్యాన్ని ఒడ్డుకు దించే ఓడల మీదే గడిపారు. ఇప్పుడు రామంతాపూర్‌లో మాతోనే ఉంటున్నారు. సముద్రం లేని ఊళ్లో ఆ అనుభవంతో ఏం పని అని నేనూ అనుకునేదాన్ని, 2020 అక్టోబర్ దాకా.

ఆ రాత్రి మా కాలనీలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. తెల్లారాక పడవ వచ్చింది. తెచ్చిన కుర్రాళ్ల తెగువకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు చెప్పినవాళ్లే లేరు. ఒకే వీధికి రెండుసార్లు వెళ్లారు. వెనక వీధిలో మంచం పట్టిన పెద్దావిడ మధ్యాహ్నం దాకా మేడమెట్ల మీదే ఉంది. మ్యాన్‌హోళ్లు ఎక్కడున్నాయో, ముందు ఎవరిని దాటించాలో బాబాయ్ డాబా మీద నుంచి అరిచి చెప్పాకే పని ఒక దారిలో పడింది.

ఆయనకది నేవీ విన్యాసాల్లో అబ్బిన విద్య. సైన్యాన్ని ఒడ్డుకు దించే అలాంటి ఓడే ఐఎన్ఎస్ జలాశ్వ. దాన్ని 2007లో అమెరికా నుంచి కొన్నాం. అది తన ట్యాంకుల్లో నీళ్లు నింపుకుని వెనకభాగాన్ని కిందికి దించుతుంది. ఓడ కడుపులోకి నీళ్లు చేరి, లోపలున్న పడవలు తేలి, మనుషులతో, వాహనాలతో ఒడ్డుకు బయల్దేరతాయి. ఒడ్డున ముందు కావాల్సినదాన్ని ఓడలోకి చివర ఎక్కించాలి. తాగునీళ్లు అడుగున పడితే అన్నీ దించేదాకా ఆగాల్సిందే. దిగేచోట ఇసుక గట్టిగా ఉందో, కూరుకుపోతుందో ఒకరు ముందే చూసి రావాలి.

2019 నవంబర్‌లో విశాఖ, కాకినాడల్లో అమెరికాతో కలిసి మన త్రివిధ దళాలు టైగర్ ట్రయంఫ్ అనే విన్యాసం చేశాయి. అక్కడ సాధన చేసింది విపత్తు సాయమే. మరుసటి మే నెలలో జలాశ్వ కరోనా వల్ల మాల్దీవుల్లో చిక్కుకుపోయిన 698 మందిని కొచ్చికి చేర్చింది.

ఇలాంటి విన్యాసాల్లో దేశానికో పద్ధతి. అందుకే ఓడలు కదలకముందే రేవులో కూర్చుని, ఎవరి మాట చెల్లాలి, ఏ రేడియోలో మాట్లాడాలి అన్నవి తేల్చుకుంటారు. మన ఫైర్, పోలీస్, మున్సిపల్, హైడ్రా సిబ్బందికి కూడా నీళ్లు రాకముందే అలా కూర్చోవడం అవసరం.

నేను అడిగేది ఒక్కటే. ఏటా మే నెలలో, మునిగే ప్రతి కాలనీలో, ఒక పూట నిజం పడవలతో రిహార్సల్ చేయించండి. నగరంలో ఉంటున్న రిటైర్డ్ నేవీవాళ్లను అందులోకి పిలవండి. వాళ్ల వివరాలు సైనిక సంక్షేమ కార్యాలయాల్లో దొరుకుతాయి. ఇది పెద్ద ఖర్చయ్యే పని కాదు సార్.

బాబాయ్ మా కాలనీ మ్యాపు ఇప్పటికే గీశారు. మంచం పట్టినవాళ్లు ఉన్న ఇళ్లకు ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆర్నెల్లకోసారి వీధివీధీ తిరిగి సరిచేస్తున్నారు. మీరు పిలిస్తే మర్నాడే ఆ కాగితం పట్టుకుని వస్తారు.

ఇట్లు,
రామంతాపూర్ నివాసి