పేరు తెలియని ల్యాబ్ తమ్ముడికి కృతజ్ఞతలు

మా బాబుకి జ్వరం దిగింది, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల లెక్క, అదే న్యూట్రోఫిల్ కౌంట్, 500 దాటింది. రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తామన్నారు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను.

బాబుకి ల్యుకేమియా. ఎముక మజ్జలో పుట్టే తెల్లకణాలు ఎదగకుండా, ఏ పనీ చేయని బ్లాస్ట్ కణాలుగానే పేరుకుపోయే జబ్బు. కీమో వాటితోపాటు మంచివాటినీ ఊడ్చేస్తుంది. బ్యాక్టీరియాని మింగేసే న్యూట్రోఫిల్స్ దాదాపు సున్నాకి పడిపోయాయి, సరిగ్గా అప్పుడే జ్వరం.

రోజూ రిపోర్టులో అదే అంకె. ఓ అర్ధరాత్రి ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేశాను. నైట్ డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ తమ్ముడు బయటికొచ్చి, "మెషిన్ ఇచ్చిన అంకె ఒక్కటే చూడకండి అక్కా, స్లైడ్ నేను స్వయంగా చూశాను" అని, మైక్రోస్కోప్‌లోంచి తీసిన ఫొటో ఫోన్‌లో చూపించాడు. "ఇవి మోనోసైట్లు, ఇంకో రకం తెల్లకణాలు. మామూలుగా ముందు ఇవొస్తాయి, వెనకే న్యూట్రోఫిల్స్." పక్కనే ఒక్క కణం, ఊదారంగు కేంద్రకం గుర్రపు నాడాలా వంగి ఉంది. "ఇది బ్యాండ్ సెల్, అంటే పిల్ల న్యూట్రోఫిల్, ఇంకాస్త ఎదగాలి. ఎదిగాక ఈ వంపే మూడు నాలుగు ముక్కలుగా నొక్కుకుపోతుంది, మధ్యలో సన్నటి దారం మిగులుతుంది. మజ్జ పని మొదలుపెట్టిందక్కా." ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మజ్జ రోజుకి సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుందట, అవి ఎక్కువ కాలం బతకవు కాబట్టి ఆగకుండా చేస్తూనే ఉండాలట. ఇదంతా చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. లోపల ఇంకా బోలెడు శాంపిల్స్ ఉన్నాయి. నా ఏడుపు ఆగేదాకా నిలబడ్డాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ రాత్రి నాకు ఊపిరి అందిందంటే అతని వల్లే.

మా ఆయన, అమ్మ, ఆడపడుచు ఎప్పటిలాగే వెన్నంటి ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం కడుపులో దాచుకోలేను. కౌంట్ లేని పిల్లాడికి జ్వరమొస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలని డాక్టర్లే చెబుతారు. ఆ రాత్రి ఎమర్జెన్సీలో మాత్రం డిపాజిట్ రసీదు చూపించేదాకా ఇంజెక్షన్ మొదలుపెట్టలేదు. ముందు మందు ఎక్కించండి, డబ్బు ఎక్కడికీ పోదు, మేము అక్కడే ఉన్నాం కదా! ఇంకో తల్లికి ఈ పరిస్థితి రాకూడదు.

అయ్యో, మర్చిపోయాను, ప్లేట్‌లెట్స్ ఇచ్చిన ఇంజనీరింగ్ పిల్లలిద్దరికీ థాంక్స్. చేతులు కడగకుండా ఎవర్నీ మంచం దగ్గరికి రానివ్వని ఆయమ్మకి కూడా. ఇంకా, మజ్జని త్వరపెట్టే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ స్టాక్ లేకపోతే వేరే షాపు నుంచి ఐస్‌లో పెట్టి తెచ్చిచ్చిన మెడికల్ షాపు అబ్బాయికి.