వార్షిక నివేదిక: ఇళ్లలోని ప్లాస్టిక్, గాజు వ్యర్థాలపై ఈ ఏడాది మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

మన ఇళ్లలో పోగయ్యే ప్లాస్టిక్, గాజు చెత్తకుప్పల పాలు కాకుండా చూడమని పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి అప్పగించారు. ఆ పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ తప్పు చేశామో మీ ముందు పెడుతున్నాం.

మొదట్లో మా దృష్టంతా సేకరణ మీదే ఉండేది. గేటు పక్కన డబ్బాలు పెట్టాం, అవి నిండాయి, నిండినందుకు సంతోషపడ్డాం. మూడో నెలలో గాజు లోడు వెనక్కి వచ్చింది. కొనేవాళ్లు బండిలోంచి దించకుండానే తిప్పి పంపేశారు. సీసాల మధ్య పింగాణీ కప్పుల ముక్కలు, వేడికి తట్టుకునే గాజు గిన్నె ఒకటి, అద్దం ముక్క ఒకటి కనిపించాయట. అంత లోడులో నాలుగు ముక్కలకే ఇంత పట్టింపా అని మాలో కొందరికి కోపం కూడా వచ్చింది. కారణం తెలిశాక ఆ కోపం పోయింది.

సీసాల గాజును ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి తయారుచేస్తారు. పాత సీసాల పెంకులు ఆ కొలిమిలో తేలిగ్గా కలిసిపోతాయి. పింగాణీ అలా కరగదు. వేడికి తట్టుకునే గాజులో బోరాన్ ఉంటుంది, దాని కరిగే తీరే వేరు. కరగకుండా మిగిలిన చిన్న పలుకు కొత్త సీసా గోడలో చిక్కుకుంటుంది, తర్వాత ఆ సీసా సరిగ్గా అక్కడే చిట్లుతుంది. అంటే మనం అజాగ్రత్తగా వేసిన ఒక్క కప్పు ముక్క ఎన్నో మంచి సీసాలను పాడుచేయగలదు. అందుకే గాజు డబ్బాలో వేయాల్సినవి గాజు సీసాలు, గాజు జాడీలు మాత్రమే. పింగాణీ, అద్దాలు, ఓవెన్ గిన్నెలు, కిటికీ అద్దాలు, బల్బులు అందులో వేయకూడదు. పాత రకం (ఎల్‌ఈడీ కాని) ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలకుండా విడిగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికే పంపాలి.

ఆ లోడు తిరిగొచ్చాక నాలుగు ఆదివారాలు వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లారు. కరపత్రం ఇచ్చి వచ్చేయకుండా, ఆ ఇంట్లో ఉన్న సీసాలనే చేతికి తీసుకుని ఏది ఎందులో వేయాలో చూపించారు. ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలో బాగా ఫలించింది ఇదేనని నా అభిప్రాయం. తర్వాత గాజు లోడు మళ్లీ వెనక్కి రాలేదు.

రంగుల గురించి చాలామంది అడిగారు. రంగు వేరుచేయడం ఎందుకు, అన్నీ కరిగేవే కదా అని. గాజులో ఒకసారి కలిసిన రంగును తర్వాత విడదీయలేరు. తెల్ల సీసాల మధ్య ఆకుపచ్చ పెంకులు పడితే ఆ గాజు మళ్లీ తెల్ల సీసాకు పనికిరాదు. గోధుమరంగు సీసాలది ఇంకో సంగతి. అవి లోపలి సరుకును ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడతాయి, అందుకే చాలా మందులు వాటిలో వస్తాయి. వాటిని విడిగా ఇస్తే మళ్లీ అలాంటి సీసాలే అవుతాయి. ఎన్నిసార్లు కరిగించినా గాజు నాణ్యత తగ్గదు. కొలిమిలో వేసే సరుకులో ప్రతి 10 శాతం పాత గాజుకు ఇంధనం సుమారు రెండున్నర నుంచి మూడు శాతం దాకా ఆదా అవుతుంది. ఇంత విలువైన సరుకును మట్టిలో పూడ్చేయడానికి మనసు ఎలా ఒప్పుతుంది?

ఇప్పుడు ఈ ఏడాది మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టిన సంగతి. మన చెత్త తీసుకెళ్లే కార్మికురాలి అరచేయి తెగింది. పగిలిన గాజు గ్లాసును ఎవరో ప్లాస్టిక్ కవరులో కట్టి, మిగతా చెత్తతో పాటు వదిలేశారు. ఆమె మూటను ఒత్తి పట్టుకుని ఎత్తగానే పెంకు లోపలికి దిగింది. కుట్లు పడ్డాయి. వైద్యం ఖర్చు, పనిలోకి రాలేని రోజుల కూలి సంఘం నుంచి ఇచ్చాం. ఆ కవరు ఎవరి ఇంటిదో వెతకలేదు, అది మనలో ఎవరిదైనా కావచ్చు. ఆమె కోలుకుని తిరిగి వచ్చిన రోజు కార్యవర్గం నుంచి మేం ముగ్గురం వెళ్లి క్షమించమని అడిగాం. మన ఇంట్లో రెండు నిమిషాల పని తప్పించుకుంటే ఆ దెబ్బ ఇంకొకరి చేతి మీద పడుతుంది. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. పగిలిన గాజును నాలుగైదు పొరల పాత కాగితంలో చుట్టాలి, గట్టి అట్టపెట్టెలో పెట్టి టేపు వేయాలి, పైన పెద్ద అక్షరాలతో ‘పగిలిన గాజు’ అని రాయాలి, కార్మికులకు చెప్పి మరీ చేతికి ఇవ్వాలి. కార్మికులకు మందపాటి చేతి తొడుగులు కొన్నాం. వాటిని ముందే కొనాల్సింది.

ప్లాస్టిక్ దగ్గర మా అవగాహన ఇంకా ఎక్కువ మారింది. బాటిల్ అడుగున త్రిభుజంలో ఉండే అంకె చూసి, అది ఉంటే రీసైకిల్ అయినట్టేనని మనలో చాలామంది అనుకునేవాళ్లం. 1988లో మొదలైన ఈ 1 నుంచి 7 వరకు అంకెలు ఆ వస్తువు ఏ రకం ప్లాస్టిక్కో మాత్రమే చెబుతాయి. మంచినీళ్ల బాటిళ్లు సాధారణంగా 1, అంటే పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్. షాంపూ, డిటర్జెంట్ సీసాలు చాలావరకు 2. ఈ రెండూ శుభ్రంగా ఉంటే కొనేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు. 5వ రకం డబ్బాలకు కొన్నిచోట్ల దొరుకుతారు. 3వ రకం పీవీసీ మాత్రం పెట్‌తో కలిస్తే పెద్ద చిక్కు. పెట్ కరిగే వేడికి పీవీసీ ఆమ్ల వాయువు వదిలి నల్లగా మాడిపోతుంది, ఆ బ్యాచ్ మొత్తం చెడుతుంది. రకాలు కలిసిపోతే ప్లాస్టిక్‌కు విలువ ఉండదు.

లోపల వెండిలా మెరిసే ప్యాకెట్ల గురించి కూడా నిజం చెప్పాలి. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, మామూలు రీసైక్లింగ్‌లో అవి విడిపోవు. నల్ల ప్లాస్టిక్ డబ్బాలను, ఆ రంగు కోసం కలిపే కార్బన్ వల్ల, వేరుచేసే యంత్రాల్లోని పరారుణ కిరణాలు గుర్తించలేవు. పల్చటి కవర్లు యంత్రాల రోలర్లకు చుట్టుకుని పని ఆపేస్తాయి. ఈ మూడింటికీ మన డబ్బాలో చోటు లేదు. వీటిని కొనడం తగ్గించుకోవడమే మన చేతిలో ఉన్న దారి. 2017లో వెలువడిన ఒక పరిశోధన లెక్క ప్రకారం 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమే. 12 శాతం కాల్చేశారు, మిగిలిన 79 శాతం చెత్తదిబ్బల్లోనో నేలమీదో నీళ్లలోనో ఉండిపోయింది. డబ్బాలో వేశాం కాబట్టి ఎంత కొన్నా ఫర్వాలేదన్న ధీమా మనకు వద్దు.

బాటిల్ మూతలు తీసేసి ఇవ్వాలా, ఉంచే ఇవ్వాలా అని వచ్చిన వాదనను పిల్లలు తీర్చారు. సెలవుల్లో ఒక టబ్బులో నీళ్లు పోసి, కడిగిన బాటిల్ ముక్కలు, మూతల ముక్కలు అందులో వేసి చూశారు. బాటిల్ ముక్కలు మునిగాయి, మూతల ముక్కలు తేలాయి. పెట్ నీళ్లకంటే బరువు, మూతల ప్లాస్టిక్ తేలిక. రీసైక్లింగ్ కేంద్రాల్లోనూ ఇలాగే నీళ్ల తొట్టెల్లో వేరుచేస్తారు. మనది కొనేవాళ్లు మూత బిగించి ఇవ్వమన్నారు కాబట్టి అలాగే ఇస్తున్నాం.

తిరిగి వాడుకునే సామాన్ల కోసం ఆరో నెలలో ఒక అలమర పెట్టాం. శుభ్రంగా కడిగిన గాజు జాడీలు, మూతలున్న డబ్బాలు ఎవరైనా అక్కడ పెట్టొచ్చు, కావాల్సినవాళ్లు తీసుకోవచ్చు. లేబుల్ ఊడాలంటే గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టండి. మిగిలిన జిగురుకు నూనె, వంట సోడా కలిపిన ముద్ద రాసి రుద్దితే పోతుంది. చల్లటి జాడీలో మరుగుతున్నవి ఒక్కసారిగా పోయకండి, మామూలు గాజు ఆ వేడి తేడాకు పగులుతుంది. మెడ సన్నగా ఉండే నీళ్ల బాటిల్‌ను నెలల తరబడి తాగడానికి వాడకండి. లోపలికి చెయ్యి, బ్రష్ చేరవు, క్రిములు పేరుకుంటాయి.

ఈ అలమరలోనే ఒకరోజు నీళ్ల బాటిల్‌లో రంగులేని ద్రవం దొరికింది. వాసన చూస్తే యాసిడ్. మూత్రశాలలు కడిగేందుకు ఎవరో పోసి ఉంచుకున్నది, మరచిపోయి ఇక్కడ పెట్టేశారు. ఏ పిల్లవాడి చేతికి దొరికినా ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. ఫినాయిల్, యాసిడ్, పురుగుమందు, థిన్నర్ లాంటివి తాగే నీళ్ల బాటిళ్లలో ఎప్పుడూ పోయవద్దు. వాటి సీసాలను ఎంత కడిగినా తినే, తాగే పదార్థాలకు వాడవద్దు. ఇప్పుడు అలమర తాళం వాలంటీర్ల దగ్గర ఉంటుంది, ప్రతి సీసా చూశాకే లోపల పెడుతున్నాం.

మనలో కొందరు తెల్లవారుజామున ప్లాస్టిక్ కవర్లు కాల్చేవాళ్లు, అది ఇప్పుడు చాలావరకు ఆగింది. పీవీసీ కలిసిన చెత్త కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయని, ఆ పొగ ముందు మన పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుందని చెప్పాక కాల్చేవాళ్లే మానుకున్నారు. వాళ్లకు కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. గాజు, ప్లాస్టిక్ అమ్మితే వచ్చిన డబ్బు చేతి తొడుగులకు, డబ్బాలకు, బండి అద్దెకు వాడాం.

వచ్చే ఏడాదికి మూడు ప్రతిపాదనలు మీ ఆమోదం కోసం పెడుతున్నాం. గాజు డబ్బాలను రంగులవారీగా మూడు చేయాలి. మన సమావేశాల్లో, వేడుకల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు పూర్తిగా మానేసి, సంఘం తరఫున కడిగి వాడుకునే సామాను కొనాలి. మన చెత్త ఎత్తే కార్మికుల్లో ఒకరిని ఈ పని చూసే ఉపసంఘంలో సభ్యులుగా తీసుకోవాలి. మన సంచుల్లో ఏముంటుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు, నిర్ణయాలు జరిగేటప్పుడు వాళ్ల మాట వినిపించాలి. ఆదివారం ఉదయం గంటసేపు రాగలిగే వాలంటీర్లు ఇంకా కావాలి. రాగలిగినవాళ్లు సభ ముగిశాక పుస్తకంలో పేరు రాయండి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి